అచ్చియ్యమ్మ ఇంటి పైపు

మొదటి వానలు పడి నేల నానిందంటే చాలు, చోడవరం దాటాక మాడుగుల రోడ్డు మీదున్న గ్యాస్ ఫ్యాక్టరీలో పైపులకి మొలకలొచ్చేవి. ఫోర్‌మన్ బంగార్రాజు ఆ వారం మిగతా పనులన్నీ పక్కన పెట్టి, ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని, ఇనప రంపాలతో ప్లాంటంతా కలియదిరిగేవాడు. కంప్రెసర్ షెడ్డు వెనక వేలెడు మొలక, నీళ్ళ ట్యాంకు కింద మూరెడు మొలక, ఒక్కోసారి ఆఫీసు కిటికీ ఊచల్లోంచి లోపలికి తొంగిచూసే మొలక. కనబడినదాన్ని కనబడినట్టు కోసి, మొండానికి మూత బిగించి, తెల్ల పెయింటు పూసేవాడు. మరుసటి ఏడు మళ్ళీ అక్కడే కోయాల్సొచ్చేది. పైపు ముసలిదయ్యే కొద్దీ మొలకలు ఎక్కువని అతని అనుభవం. ఫ్యాక్టరీ పెట్టి నలభై ఏళ్ళు దాటింది కాబట్టి ఏటేటా కోత పెరుగుతూనే ఉంది.

ఫ్యాక్టరీ పెద్దదేమీ కాదు. గాలిని లోపలికి లాగి, బాగా చల్లబరిచి, అందులోంచి ఆక్సిజన్నీ నైట్రోజన్నీ విడదీసి సిలిండర్లలో నింపుతారు. సిలిండర్లు లారీలెక్కి ఆస్పత్రులకీ వెల్డింగు షాపులకీ పోతాయి. చుట్టూ చెరకు, వరి. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీ నేలలో కూడా చెరకే పండేది.

కోయగలిగినవి కోసేవారు. కొన్ని మొలకలు మాత్రం ఎవరి కంటా పడకముందే సాగి సాగి ఇంకో పైపులో కలిసిపోయేవి. వాటిని కోస్తే ప్లాంటే ఆగిపోతుంది కాబట్టి అలాగే వదిలేసేవారు. ఏళ్ళ తరబడి ఇలా జరిగేసరికి కంట్రోల్ రూములో అద్దం వెనక బిగించిన డ్రాయింగుకీ, బయటున్న ఫ్యాక్టరీకీ పోలిక లేకుండా పోయింది. డ్రాయింగులో ఖాళీగా ఉన్నచోట మూడు పైపులు జతగా నడిచేవి. డ్రాయింగులో ఉన్న వాల్వు కోసం వెళితే అక్కడ కరివేపాకు చెట్టు ఉండేది.

ఆ ఏడు ఫ్యాక్టరీ చేతులు మారింది. లైసెన్సు గడువు కూడా దగ్గరపడింది. ఇప్పుడు ఏది ఎలా ఉందో అలా డ్రాయింగులు కొత్తగా గీసి చూపిస్తేనే లైసెన్సు అన్నారు. కొత్త యజమానులు వైజాగ్ నుంచి పంపిన మేనేజరు సూర్యతేజ ఆ పనికి గంగాభవానిని కాంట్రాక్టు మీద తీసుకున్నాడు.

భవానిది బుచ్చయ్యపేట. డిప్లొమా చదివి, కొన్నాళ్ళు ఒక కంపెనీలో డ్రాయింగులు గీసింది. భర్త గోపీ మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తూ గాజువాకలో గది తీసుకుని ఉండేవాడు. ఈమె చోడవరంలో ఒక ఇంటి ముందు వాటా అద్దెకి తీసుకుంది. పెళ్ళయిన దగ్గర్నించీ ఇద్దరూ ఆదివారం మొగుడూ పెళ్ళాలే. అందుకే సూర్యతేజ మొదటిరోజు అన్న మాట ఆమె మనసులో నాటుకుపోయింది.

“ఈ డ్రాయింగులు ఇన్‌స్పెక్షన్‌లో పాసయితే మీకు వైజాగ్ హెడ్డాఫీసులో పర్మనెంట్ పోస్టు, మేడమ్. నాదీ పూచీ.”

పొద్దున్నే గదికి తాళం వేసి, క్యారేజీ సంచిలో పెట్టుకుని, మాడుగుల బస్సెక్కేది. ప్లాంటులో టేపు, సుద్దముక్క, చిన్న గునపం పట్టుకుని ఒక్కో పైపు వెంటా మొదట్నుంచి చివరిదాకా నడిచేది. బంగార్రాజు తోడుండేవాడు. మధ్యాహ్నం నుంచి కంప్యూటర్ ముందు కూర్చుని చూసిందంతా గీసేది. పద్ధతి ముందే అనుకున్నారు. ఇన్‌స్పెక్షన్‌కి ముందు డ్రాయింగులో ఉన్న పైపు ఉంటుంది, లేనిదాన్ని కోసేస్తారు.

చలి మొదలయ్యే రోజుల్లో, ఆక్సిజన్ నింపే షెడ్డు వెనక బొటనవేలంత సన్నటి పైపొకటి నేలలోకి దిగడం చూసింది. ఎక్కడ పైకి వస్తుందో కనబడలేదు. గునపంతో గుచ్చుకుంటూ పోతే అది తిన్నగా ప్రహరీగోడ కిందకి పోయింది.

“గోడవతలకి పోయిందేంటి బాబాయ్?” అంది.

బంగార్రాజు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “పోయింది. అది చాన్నాళ్ళనించి ఉన్నాదమ్మా.”

“అవతలేముంది?”

“అచ్చియ్యమ్మ ఇల్లు” అన్నాడు.

గేటు చుట్టూ తిరిగి వెళ్ళింది. గోడని ఆనుకుని రేకుల ఇల్లు ఒక్కటే ఉంది. వాకిట్లో మేకపోతు. పొయ్యి ఇంటికి దూరంగా, వేపచెట్టు కింద ఉంది. లోపల నులకమంచం మీద ఒక ముసలమ్మ గోడకి చేరగిలబడి కూర్చునుంది. మంచం తలవైపు గచ్చుని చీల్చుకుని మోకాలెత్తు పైపు లేచి ఉంది. దాని మూతి మంచంవైపు వంగి, చెవి పెట్టి వింటే తప్ప తెలియనంత సన్నగా బుస్సుమంటోంది.

“ఎవలే నువ్వు? టేపట్టుకొచ్చేవు?” అంది ముసలమ్మ.

“ఫ్యాక్టరీ నుంచొచ్చేను మామ్మా. పైపులు గీస్తన్నాను.”

“గీసి ఏటి సేస్తావు?”

“ఏది ఎక్కడున్నాదో కాయితం మీద పెడతాను.”

“ఉన్నకాడే ఉన్నాది గదా. మల్లీ కాయితమెందుకు?”

భవానికి నవ్వొచ్చింది. గుమ్మంలో కూర్చుంది. ముసలమ్మ మాట మాటకీ మధ్య ఆగి, పైపువైపు మొహం తిప్పి, గాలి పీల్చుకుని మళ్ళీ మాట్లాడేది. ఫ్యాక్టరీ రాకముందు ఆ చెరకు వాళ్ళదే. పొలం పోయాక మొగుడూ తనూ బెల్లం పొయ్యిల దగ్గర కూలికి కుదిరారు. పాకం కాగినంతసేపూ పొగలో నిలబడీ నిలబడీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. మొగుడు అలాగే పోయాడు.

“నాకూ ఆయాసమే. గాలి ఎట్టుకోవాలన్నాడు డాక్టరు. ఎక్కడ్నించి తెచ్చెట్టుకోను? ఆ యేడు వానలకి ఇది మొలిసింది.” కాస్త ఆగింది. “దీనికాడ అగ్గిపుల్ల గియ్యకు. నూనె సెయ్యి ఎట్టకు. ఇల్లు భగ్గుమంటాది.”

“తెలుసు మామ్మా.”

“ఆ రంపపోల్లు వొస్తారేటి?”

భవాని టేపు చుట్టుకుని లేచింది. మేకకి కాస్త ఆకు విరిచి వేసి వచ్చేసింది.

తిరిగి ప్లాంటులోకి వచ్చాక బంగార్రాజుని నిలదీసింది. “నీకు తెలుసు కదా బాబాయ్. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“తెలీనోడెవడమ్మా ఇక్కడ? అందరం సూడనట్టే ఉంతన్నాం.” అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. “ఇప్పుడు నువ్వు సూసేసేవు.”

ఆ సాయంత్రం ఆమె కంప్యూటర్ ముందు చాలాసేపు ఊరికే కూర్చుంది. గీయకపోతే ఇన్‌స్పెక్షన్ ముందువారం బంగార్రాజే వచ్చి కోసేస్తాడు. ఉన్నదున్నట్టు గీస్తే, కంపెనీ ఆక్సిజన్ గోడ దాటి ఒకరి ఇంట్లోకి పోతోందని తెలిసి అప్పుడూ కోసేస్తారు. రెండువైపులా ఆలోచించి మూడో దారి పట్టింది. ప్లాంటులో గ్యాసు ఒత్తిడి పెరిగినప్పుడు ఎక్కువైనదాన్ని బయట గాల్లోకి వదలడానికి గొట్టాలుంటాయి. వెంట్ లైన్లంటారు. ఆ పైపుని గోడదాకా గీసి, గోడ దాటించి, చివర చిన్న బాణం గుర్తు పెట్టి, పక్కన వెంట్ అని రాసింది. దానికొక నంబరు కూడా ఇచ్చింది. డ్రాయింగులోకి ఎక్కిన పైపుని ఎవరూ కోయరు.

బస్సులో ఇంటికి వస్తూ గోపీకి ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంబరం దాచుకోలేకపోయింది.

“నీకెందుకే ఈ గొడవ? ఎవరో ముసల్దాని కోసం పోస్టు పోగొట్టుకుంటావేటి?” అన్నాడు అతను.

“ఏం పోదు. చక్కగా కుదిరింది.”

నిజంగానే చక్కగా కుదిరింది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి డ్రాయింగు చేతిలో పట్టుకుని ప్లాంటంతా తిరిగాడు. ఎక్కడ గీత ఉందో అక్కడ పైపుంది. ఎక్కడ గీత లేదో అక్కడ బంగార్రాజు పూసిన తెల్ల పెయింటుంది. ఆయన తల ఊపుతూ పోయాడు. ఇలా తేడాలేని డ్రాయింగు చూసి చాలాకాలమైందని మెచ్చుకున్నాడు కూడా. లైసెన్సు వచ్చిన రోజు సూర్యతేజ అందరికీ మాడుగుల హల్వా పంచిపెట్టాడు. భవాని తన పొట్లం విప్పకుండానే తీసుకెళ్ళి అచ్చియ్యమ్మకి ఇచ్చింది. ముసలమ్మ కొంచెం నోట్లో వేసుకుని, “నెయ్యి తగ్గించేరు ఎదవలు” అని మిగతాది కొంగున కట్టుకుంది.

లైసెన్సుతో పాటు ఒక కాగితం వచ్చింది. భవాని దాన్ని చూడలేదు. మాఘమాసం వెళ్ళాక ఒకరోజు బస్సు దిగి గేటు దగ్గరికి వస్తూంటే, అచ్చియ్యమ్మ ఇంటి ముందు పసుపు రంగు పొక్లెయిన్ ఆగి ఉంది. మేకపోతుని ఎవరో కరెంటు స్తంభానికి కట్టారు.

పరిగెత్తుకుంటూ మేనేజరు గదిలోకి వెళ్ళింది.

“సార్, ఆవిడ ఇల్లెందుకు తీసేస్తన్నారు?”

సూర్యతేజ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“వెంట్ చుట్టూ మనుషులు ఉండకూడదు మేడమ్. సేఫ్టీ రూలు, లైసెన్సుతో వచ్చిన కాగితంలోనే ఉంది. ఆ స్థలానికి ఆవిడ దగ్గర పట్టా లేదు. కొండవార వేరే స్థలం చూపించాం. ఆటో కూడా మనమే పెట్టాం.”

“ఇల్లు తీసే బదులు పైపు తీసేయొచ్చు కదా.”

“ఆ డ్రాయింగు మీదే లైసెన్సు ఇచ్చారు. ఇప్పుడు పైపు తీయాలంటే ప్లాంటు ఆపి, మళ్ళీ డ్రాయింగు, మళ్ళీ ఇన్‌స్పెక్షన్, మొదట్నుంచీ అన్నీ. దానికంటే ఇదే సులువు.”

భవాని బల్ల అంచు పట్టుకుంది. చెబితే పోస్టు పోతుందని తెలుసు. చెప్పేసింది. “అది వెంట్ కాదు సార్. మొలక.”

“తెలుసు మేడమ్” అన్నాడు సూర్యతేజ. అతని గొంతులో కోపం లేదు. “నేనూ ఈ ప్లాంటులోనే కదా ఉంటున్నాను. మొలకని మీరు వెంట్ అని గీశారు. సంతకం పెట్టారు. ఇప్పుడది వెంట్.”

ఆమె బయటికి వచ్చేసరికి రేకులు దించేశారు. అచ్చియ్యమ్మ ఆటోలో మూటల మధ్య కూర్చుని, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరో భవానిని చూపించి ఏదో అన్నారు. ముసలమ్మ తల తిప్పి చూసింది. కొండవార స్థలంలో ఇల్లు లేదు కాబట్టి, చీడికాడలో ఉన్న చెల్లెలి కూతురు రోజా ఇంటికి ఆటో పోయింది.

ఖాళీ అయిన నేలలో పైపొక్కటే నిలబడింది. దాని చుట్టూ ముళ్ళకంచె వేశారు. గోడవతల, గోడ లోపల మొత్తం నేలంతా కాంక్రీటు పోయించారు. మొలకల బెడద ఉండకూడదని కొత్త యజమానుల ఆలోచన. అది పారింది. ఆ ఏడు ఆషాఢం వానలకి ప్లాంటులో ఒక్క మొలక రాలేదు. కోత లేదు కాబట్టి బంగార్రాజు అవసరం లేదన్నారు. వెళ్ళేరోజు అతను భవాని బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, “బాగా గీసేవమ్మా” అని వెళ్ళిపోయాడు. మెచ్చుకున్నాడో దెప్పాడో ఆమెకి అర్థం కాలేదు.

వైజాగ్ ఆర్డరు చేతికొచ్చింది. శ్రావణంలో చేరాలి. గోపీ గాజువాకలో రెండు గదుల ఇల్లు చూసి, తలుపుల ఫోటోలు, కిటికీల ఫోటోలు పంపించాడు. వెళ్ళేలోపు ఒకసారి చూడాలని భవాని చీడికాడ వెళ్ళింది.

రోజా ఇల్లు చిన్నది. అచ్చియ్యమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. మూల ఒక సిలిండరు ఉంది, చోడవరం ఫ్యాక్టరీదే, ఖాళీది. నింపించినప్పుడు నాలుగురోజులు నెమ్మదిగా ఉంటుందని, తర్వాత ఇలాగేనని రోజా చెప్పి టీ పెట్టడానికి వెళ్ళింది. ముసలమ్మ పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

“మామ్మా, నీ మంచికే గీసేను” అంది భవాని. “గీయకపోతే కోసేసేవారు.”

అచ్చియ్యమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. “కొయ్యనీ.” ఊపిరి. “ఇంతకుముందూ కోసేరు.” ఊపిరి. “కోస్తే... మల్లీ మొలిసేది.”

భవాని ప్లాంటులో ప్రతి వానకీ ఆ సంగతే కళ్ళారా చూసింది. కోసిన చోట మళ్ళీ వస్తుందని పసిపిల్లాడికైనా తెలుసు. ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని రెండు దారులూ తిరగేసినప్పుడు, ఊరికే ఉండిపోవడం కూడా ఒక దారేనని ఎందుకు తట్టలేదో ఆమెకి తెలియలేదు. తన చేత్తో ఏదో ఒకటి చెయ్యాలనిపించింది, అంతే. రోజా తెచ్చిన టీ తాగకుండానే లేచి వచ్చేసింది.

సామాన్లు కట్టుకుంటున్న వారంలో వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. ఒక పొద్దున్న లేచి చూస్తే ముందుగదిలో, గోడవార, రెండు గచ్చు పలకల మధ్య జానెడు పైపు లేచి ఉంది. కొత్త ఇనుము, తడిగా మెరుస్తోంది. మూతి దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

ఇంటిగలావిడ ఝాన్సీ చూడ్డానికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“వానలు కదా మరి” అంది. “గచ్చు పగిలిపోయింది, అదొక్కటే. ఆ గ్యాస్ పొయ్యి మాత్రం వెనకవైపు పంచలోకి మార్చుకో భవానీ. దీపం కూడా అక్కడే పెట్టుకో.”

అంత దూరం, పొలాల కిందనించీ ఊళ్ళ కిందనించీ ఆ పైపు తన గదికే ఎందుకొచ్చిందో భవాని ఎవర్నీ అడగలేదు. ఆరోజంతా కట్టిన మూటల మధ్య కూర్చుంది. ఫోన్‌లో గోపీ పంపిన కిటికీల ఫోటోలు మళ్ళీ మళ్ళీ చూసింది. మర్నాడు ఆటో మాట్లాడుకుని చీడికాడ వెళ్ళింది.

“నీతో నాను రాను” అంది అచ్చియ్యమ్మ. “నీ మొకం సూస్తే... ఒల్లు మండుతాది నాకు.”

“చూడకు మామ్మా. గోడకేసి తిరిగి పడుకో.”

“నా మేకని... అమ్మేసేరు.”

“తెలుసు.”

“నీ ఇంట్లో... కూడు తిన్నా... నిన్ను ఇడిసిపెట్టను.”

“విడిచిపెట్టొద్దు. లే మామ్మా, ఆటో వెయిటింగులో ఉంది.”

రోజా చేయి పట్టి లేపింది. బరువు దిగుతోందన్న తేలిక ఆమె మొహంలో దాగలేదు. పాపం, దాచుకోవాలని చూసింది.

ఆర్డరు వెనక్కి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు సూర్యతేజ ఆశ్చర్యపోయాడు. “ఎందుకు మేడమ్? ఇంత కష్టపడి...”

“ఇంట్లో మొలకొచ్చింది సార్. వదిలి రాలేను.”

అతను లేచి తలుపు దగ్గరికి వేశాడు. “ఎవరికీ చెప్పకండి” అన్నాడు మెల్లగా. “నాకు కూడా చెప్పలేదనుకోండి. చెబితే డ్రాయింగులో ఎక్కించాలి.” ఆ పోస్టు ఆ వారంలోనే ఇంకెవరికో ఇచ్చారు. భవాని కాంట్రాక్టు కూడా ఏడాది తిరక్కుండానే అయిపోయింది. ఇప్పుడామె చోడవరంలోనే ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది.

గోపీ మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేవాడు. ముందుగదిలో ముసలమ్మ మంచం, ఆ సన్నటి బుస, వెనక పంచలో వంట. “ఇంకెన్నాళ్ళే?” అని ఒకసారి అడిగాడు. అచ్చియ్యమ్మ బతికున్నన్నాళ్ళూ అని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎలా అంటారు? తర్వాత నెలకొక్కసారి వచ్చేవాడు. తర్వాత షిఫ్టులు కుదరడం లేదనేవాడు. గాజువాకలో చూసి దిగిన ఇల్లు వదిలేసి మళ్ళీ గదికి మారాడు. మారిన సంగతి ఆమెకి వేరేవాళ్ళు చెప్పారు.

అచ్చియ్యమ్మ మాత్రం కోలుకుంది. పెదాల నలుపు పోయింది. పొద్దున్నే లేచి, పైపు దగ్గర కాసేపు కూర్చుని, తర్వాత వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. పాలవాడు ఆగితే చెబుతుంది. కూరగాయల బండివాడు ఆగితే చెబుతుంది. ఝాన్సీ ఇంటికి ఎవరు చుట్టాలొచ్చినా పిలిచి కూర్చోబెట్టి చెబుతుంది.

“ఈ ఇంట్లో ఉన్నాది సూడు ఓ గుంట, భవాని, అదే నా పైపుని కాయితం మీద గీసి నా ఇల్లు పడగొట్టించి నా మేకని అమ్మించి నన్ను ఊరుగాని ఊరు తెచ్చి పడేసింది!”

మధ్యలో ఎక్కడా ఆగదు. ఒక్క ఊపిరిలో మొత్తం అనేస్తుంది. వెనక పంచలో పొయ్యి దగ్గర కూర్చున్న భవానికి ప్రతి మాటా వినబడుతుంది. ఆమె పప్పు దించి, ముసలమ్మకి మెత్తగా ఉండాలని గరిటెతో మెదుపుతుంది.